తాను చెప్పిన ఇంట తానే నివసించిన శాస్త్రజ్ఞుడు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పరిశోధన ఫలించిందని చెప్పడానికి కొలబద్ద ఏది? వెలువడిన వ్యాసాల సంఖ్యా? లభించిన బిరుదులా? ఇతర పండితులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కా? ఇవన్నీ కొలమానాలే. కాని వీటికంటె కఠినమైనది మరొకటి ఉన్నది. పరిశోధకుడు తన సిద్ధాంతాన్ని నమ్మి, తన కుటుంబాన్ని దాని నీడన ఉంచగలడా? ఈ పరీక్షకు నిలిచినవాడు జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్.

శీతల దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచడమే గృహస్థునికి పెద్ద ఖర్చు. 1973లో చమురు ధరలు మిన్నంటగా ఈ ఖర్చును తగ్గించే మార్గాలను శాస్త్రజ్ఞులు తీవ్రంగా అన్వేషించారు. 1975లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోను, 1977లో కెనడాలోని రిజైనా నగరంలోను అత్యల్ప ఇంధనంతో వెచ్చగా ఉండే ఇళ్లను కట్టి చూపారు. అయినా సామాన్యులు కట్టుకొనే ఇళ్ల తీరు పెద్దగా మారలేదు. 1988లో ఫైస్ట్, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బో ఆడమ్‌సన్‌తో చర్చించి, ఈ సమస్యను మూలం నుంచి పరిశీలించ పూనుకొన్నాడు.

ఆయన ఆలోచన మన పల్లెవాసులకు కొత్తది కాదు. తెల్లవారుజామున గొర్రెల కాపరి కప్పుకొన్న గొంగళిలో నిప్పు లేదు. దేహంలోని వేడిని బయటకు పోనీయకపోవడమే దాని ప్రజ్ఞ. మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. వంట, దీపాలు, కిటికీలోనుంచి వచ్చే ఎండ కూడా ఇంటికి వేడినిస్తాయి. ఆ వేడిని నిలుపుకోలేని ఇంటిలో కొలిమి వెలిగించడం చిల్లికుండలో నీరు పోయడమే. ముందుగా చిల్లి పూడ్చాలన్నది ఫైస్ట్ సిద్ధాంతం.

డార్మ్‌స్టాట్ నగరంలోని క్రానిష్‌టైన్ ప్రాంతంలో వరుసగా నాలుగు ఇళ్లు నిర్మించి, 1991లో నాలుగు కుటుంబాలు వాటిలో ప్రవేశించాయి. అందులో ఒకటి ఫైస్ట్ కుటుంబమే. గోడలకు 275 మిల్లీమీటర్లు, పైకప్పుకు 450 మిల్లీమీటర్ల మందాన ఉష్ణనిరోధక పదార్థం అమర్చారు. కిటికీలకు మూడేసి పొరల అద్దాలు బిగించారు.

గాలి చొరని ఇంట ఊపిరాడుతుందా, గోడలు బూజు పట్టవా అన్న సందేహం ఎవరికైనా సహజమే. దీనికి ఆయన చేసిన ఏర్పాటు గమనింపదగినది. ఇంటిలోనుంచి వెళ్లే పాతగాలి, లోనికి వచ్చే తాజాగాలి ఒక ఉష్ణవినిమయ యంత్రం గుండా పోతాయి. రెండు గాలులు కలవవు. పోయే గాలిలోని వేడిలో సుమారు 80 శాతం వచ్చే గాలికి అందుతుంది. కావలసినప్పుడు కిటికీలు తెరుచుకోవచ్చు.

లెక్క తప్పితే చలికి వణకవలసినది ఆయన ఇంటివారే. లెక్క తప్పలేదు. ఇంటిని వెచ్చబరచడానికి ఏడాదికి చదరపు మీటరుకు సుమారు 10 యూనిట్ల శక్తి మాత్రమే ఖర్చయినట్లు కొలతలు నిరూపించాయి. నాటి జర్మనీలోని మామూలు ఇళ్లతో పోలిస్తే ఇది పదోవంతు కంటె మించదు. 25 ఏళ్ల అనంతరం మళ్లీ పరీక్షించినప్పుడు కూడా ఆ ఇల్లు మొదటివలెనే పనిచేస్తున్నట్లు తేలింది.

1996లో ఫైస్ట్ డార్మ్‌స్టాట్‌లో పాసివ్‌హౌస్ సంస్థను స్థాపించాడు. ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లు మించరాదన్న ప్రమాణం వ్యాప్తిలోకి వచ్చింది. ఏ వాస్తుశిల్పి అయినా స్వయంగా లెక్క కట్టుకొనే విధానాన్ని ఆయన అందుబాటులోకి తెచ్చాడు. 2001 నాటికి ఐదు ఐరోపా దేశాలలో 200కు పైగా ఇళ్లు ఇదే పద్ధతిలో నిర్మించి, కొలిచి చూశారు. హైడెల్‌బెర్గ్ నగరంలో బాన్‌స్టాట్ అనే కొత్తపేటనంతటినీ ఈ ప్రమాణంతోనే కట్ట సంకల్పించగా, 2012లో తొలి నివాసులు అక్కడ చేరారు.

ఇది మంత్రమేమీ కాదు. నిర్మాణ వ్యయం కొంత పెరుగుతుంది. గోడ, కిటికీ కలిసే చోట పనివాని శ్రద్ధ లోపిస్తే లెక్కలన్నీ వృథా. మన ఉష్ణదేశంలో ఆ గోడలను యథాతథంగా అనుకరించడం వివేకమూ కాదు. ఇక్కడ వేడిని లోనికి రానీయకపోవడం ముఖ్యం. నీడ, లేతరంగు పైకప్పు, గాలి రాకపోకలు ఇక్కడి సాధనాలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం వేరు దారిలో వచ్చినదే అయినా, వేడిని సరిహద్దులోనే ఆపాలన్న సూత్రం మాత్రం ఒకటే.

ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం. తెలుగు మాధ్యమ విద్యార్థి తన మాతృభాషలోనే నేర్చే పాఠాలివి. ఫైస్ట్ ఇంటికి పునాది ఈ మూడు పాఠాలే. అవి పరీక్షకే పరిమితమని తలచే తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు ఈ ఉదాహరణను పిల్లలకు చెప్పవలెనని మనవి. ఏ భాషలో నేర్చినా, నేర్చినదాన్ని తన ఇంటి గోడపై పరీక్షించే సాహసం ఒక విద్యార్థికి కలిగితే, ఈ పాఠశాల 75 ఏళ్ల శ్రమ మరో తరానికి ఫలించినట్లే.