ముఖముపై మంగు



పండుగపూట ఈ డాక్టరు మచ్చల సంగతి ఎత్తుకున్నాడేమిటని విసుక్కోకండి. పండుగ నెల రోజులున్నదనగానే మన ఆడవారిలో కొందరు మందుల షాపుకు వెళ్ళి, "మంగుకు క్రీము ఇవ్వండి" అని అడుగుతున్నారు. అక్కడ చేతికిచ్చే ఆ చిన్న ట్యూబు గురించే నేను ముఖ్యంగా చెప్పదలచినది.

మంగు అంటే రెండు బుగ్గలమీద, నుదుటిమీద, పై పెదవిమీద ఇరుప్రక్కలా సమానంగా వచ్చే గోధుమరంగు మచ్చ. దురద గాని, నొప్పి గాని ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళు శని పట్టిందంటారు. మరికొందరు కాలేయం చెడిందంటారు. రెండూ కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు అతిగా పనిచేయడమే మంగు. వాటిని రెచ్చగొట్టేవి ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం. అనంతపురం, కడప ఎండలు ఎరిగినవారికి జిగణి చల్లగానే తోస్తుంది. కాని బెంగుళూరు ప్రాంతం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తుకు పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు హెచ్చుతాయేగాని తగ్గవు. కంపెనీ బస్సు కిటికీ అద్దం కూడా వాటిని పూర్తిగా ఆపదు.

అయితే ముఖాన నలుపంతా మంగు కాదు సుమా! మెడ చర్మం కూడా మందమై మఖమలులాగా నల్లబడితే రక్తంలో చక్కెర చూపించుకోవాలి. జుట్టుకు రంగు వేసుకున్నాక దురద పుట్టి, నుదురు, చెవులదగ్గర నల్లబడితే ఆ రంగునే అనుమానించాలి. చిగుళ్ళు, అరచేతి గీతలు నల్లబడి, నీరసించి, బరువు తగ్గుతుంటే అడ్రినల్ గ్రంథుల జబ్బు కావచ్చు, ఆలస్యం కూడదు. అందుకే వైద్యుడు ఇవన్నీ అడిగి, అవసరమైతే వుడ్స్ దీపం వెలుగులో చూస్తాడు. మచ్చ అక్కడ ప్రస్ఫుటంగా కనబడితే రంగు పైపొరలో ఉన్నదని, మందుకు లొంగుతుందని అంచనా.

1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనువారు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన లేపనం వెలువరించారు. మంచి మందే. వైద్యుడు కనిపెట్టి చూస్తుండగా కొన్ని వారాలు వాడవలసినది. అటువంటిది మన దేశంలో ముఖం తెల్లబరిచే క్రీముగా చలామణి అయింది. కొద్ది రోజుల్లోనే ముఖం తేటపడుతుంది. ప్రక్కింటావిడ కూడా కొంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట, మంటకు మళ్ళీ అదే క్రీము! 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పలు స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్నది. కాబట్టి ట్యూబుమీద బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అనే పేర్లున్నాయేమో చూడండి. ఇంగ్లీషు రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవారు హఠాత్తుగా మానక, వైద్యుని సలహాతో మానాలి.

మొదటి మందు ఎండనుండి కాపుదలే. గొడుగు, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సన్‌స్క్రీన్. గర్భిణులకైతే అజెలాయిక్ ఆమ్లపు లేపనం ఉన్నది. ప్రసవమైన కొన్ని నెలలకు చాలామందికి మంగు దానంతటదే తగ్గుతుంది. తగ్గినది మళ్ళీ ఎండ తగిలితే తిరిగి వస్తుంది గనుక గొడుగు మాత్రం మానరాదు.

నగరంలో విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రులలో చర్మవైద్య విభాగాలున్నాయి. వెళ్ళేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్ళండి.