అర మిల్లీమీటరు బోల్టు

తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావుగారు, వారి అబ్బాయి రవిచంద్రగారు పాత ఇనుప సామానుతో విగ్రహాలు చేస్తారని మీలో చాలామందికి తెలుసు. వారు చేసిన పదడుగుల గాంధీ విగ్రహానికి 75 వేల ఇనుప నట్లు పట్టాయి. ఈ పూట నేను చెప్పబోయే పనిలోనూ నట్లూ బోల్టులే. కాకపోతే ఇక్కడ బోల్టు తల అర మిల్లీమీటరు. ట్యాంకులు, సాయుధ వాహనాల చిన్న నమూనాలకు కావలసిన సన్నని భాగాలను కొనకుండా సొంత చేతులతో చేసుకునే పని ఇది. చేసేవాళ్లు స్క్రాచ్ బిల్డింగ్ అంటారు.

ముందు కొలత సంగతి. ట్యాంకు నమూనాలు ఎక్కువగా 35వ వంతులో వస్తాయి. 1960ల మొదట్లో జపాన్‌లో తామియా సంస్థ జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనా తెచ్చినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలని దాని సైజు నిర్ణయించింది. లెక్క కడితే అది దాదాపు 35వ వంతు. తర్వాత మిగతా కంపెనీలూ అదే పట్టుకున్నాయి. అంటే అసలు బండిమీద 35 మిల్లీమీటర్లు మన బల్లమీద ఒక్క మిల్లీమీటరు. 19 నంబరు పానా పట్టే బోల్టు తల అర మిల్లీమీటరు చిల్లర అవుతుంది.

పెట్టెలో ప్లాస్టిక్ కిట్ దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకంటే, కారణం అచ్చులో ఉంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి కొడతారు. చల్లారాక అచ్చు రెండుగా విడిపోవాలి, భాగం ఊడి రావాలి. అందుకని ట్యాంకు పైమూత మీది చేతిపిడి కింద ఖాళీ ఉండదు, పిడీ మూతా కలిసి ఒకే గడ్డగా వస్తాయి. అసలు బండికి ఆ పిడి కింద నుంచి వెలుతురు కనపడుతుంది. మడ్‌గార్డు రేకు అసలు బండికి రెండు మూడు మిల్లీమీటర్లు. కిట్‌లో ఆ రేకు ఒక మిల్లీమీటరు మందం ఉందనుకోండి, 35తో హెచ్చిస్తే మూడున్నర సెంటీమీటర్ల ఉక్కు పలక! కూల్‌డ్రింక్ టిన్ను రేకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు. కత్తెరతో కత్తిరించి ఆ చోట అంటిస్తే కొలత దాదాపు సరిపోతుంది. పైగా అంచును వేలితో కాస్త నొక్కితే, రాతికి రాసుకుపోయిన బండిలా సొట్ట కూడా పడుతుంది.

సామాను కోసం దూరం పోనక్కర్లేదు. మన డెల్టాలో పంపు మోటార్లకు వైండింగ్ చేసే షాపులకు కొదవలేదు. అక్కడ విప్పి పడేసిన రాగితీగే మన చేతిపిళ్లు. సన్నని డ్రిల్లుతో రెండు రంధ్రాలు వేసి, తీగను వంచి గుచ్చడమే. కరెంటు వైరు లోపలి పోగులు నాలుగైదు కలిపి పురి పెడితే బండిని లాగే ఉక్కు తాడు. రేపల్లె వైపు నిజాంపట్నం హార్బరులో వలలు బాగుచేసే చోట రాలిన నైలాన్ పోగు కట్టుతాళ్లకు పనికొస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ కాగితం ఆరాక మడతలు పడిన టర్పాలిన్ అవుతుంది.

బోల్టు తలలు చేసే పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం. కిట్‌లో భాగాలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ కాడ ఒకటి తీసుకుని ఆకురాయితో ఆరు పలకలుగా అరగదీయండి. కొవ్వొత్తి మంటకు పైగా పట్టి తిప్పుతూ వేడిచేయండి. మెత్తబడగానే మంటకు దూరంగా తీసి రెండు చేతులా లాగండి. నిదానంగా లాగితే లావు, గబుక్కున లాగితే సన్నం. ఎంత సాగినా ఆరు పలకలు చెడకుండా అలాగే ఉంటాయి! ఆ సన్నని కడ్డీని బ్లేడుతో పలచటి బిళ్లలుగా కోస్తే ఒక్కోటి ఒక్కో బోల్టు తల. తడి బ్రష్ మొనతో ఎత్తి పెట్టాలి, పట్టకారు పెడితే ఎగిరిపోతుంది.

వెల్డింగు గీతకు ఎం‌సీల్ చాలు. రెండు ముద్దలూ కలిపి నూలుపోగంత సన్నగా చేసి, రెండు పలకలు కలిసే చోట పెట్టి, బ్లేడు మొనతో ఒకదాని పక్కన ఒకటిగా నొక్కాలి. ఎలా ఉండాలో తెలియకపోతే తెనాలిలోనో బాపట్లలోనో ట్రాక్టరు ట్రక్కులు చేసే షాపు దగ్గర కాసేపు నిలబడండి. నెలవంకలు ఒకదానిమీద ఒకటి పడుకున్నట్టుంటుంది ఆ గీత. ట్యాంకు ఒంటిమీదా అంతే.

ఇప్పుడు రసాయనంతో కోసిన సన్నని ఇత్తడి రేకులు, త్రీడీ ప్రింటరు భాగాలు కొనుక్కోవచ్చు. తప్పేమీ లేదు. అయితే అవి ఎక్కువగా జర్మన్, అమెరికన్, రష్యన్ బండ్లకే వస్తాయి. మన బండ్ల సంగతి మన చేతుల మీదే ఉంది.

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. సైనికులను మోసే సారథ్ అనే బండి అక్కడిదే. సోవియట్ బీఎంపీ-2 నమూనా ప్రకారం మన దగ్గర తయారైంది. ఆరున్నర మీటర్లు దాటిన ఆ బండి 35వ వంతులో 19 సెంటీమీటర్లు. కిట్ కొంటే సోవియట్ రూపమే వస్తుంది. పైన తుపాకీతో తిరిగే టరెట్ తీసేసి, లోపల 81 మిల్లీమీటర్ల మోర్టారు పెట్టిన మన రకం కావాలంటే పైకప్పు, తలుపులు ప్లాస్టిక్ షీటుతో కోసుకోవాల్సిందే. మామూలు సారథ్‌కు 30 మిల్లీమీటర్ల తుపాకీ ఉంటుంది. దాని గొట్టానికి 18 గేజి ఇంజెక్షన్ సూది చక్కగా సరిపోతుంది, సూది లోపలి రంధ్రం మన లెక్కకు దాదాపు అంతే. మొన మాత్రం ముందే అరగదీయండి.

బాపట్ల వాళ్లకు ఇంకో మాట. మీ సూర్యలంక వైమానిక స్థావరం నుంచి పరీక్షగా వదిలిన ఆకాశ్ క్షిపణి లావు 35 సెంటీమీటర్లు. మన కొలతలో సరిగ్గా ఒక సెంటీమీటరు! పొడవు 5.78 మీటర్లు, అంటే పదహారున్నర సెంటీమీటర్లు. సెంటీమీటరు లావు ప్లాస్టిక్ గొట్టం ముక్క, ముందు కొసకు ఎం‌సీల్ ముద్ద, రెక్కలకు పలచటి షీటు. లాంచరు మీద మూడు క్షిపణులుంటాయి కాబట్టి మూడు చేయాలి. మొదటిసారి చేసేవాళ్లకు ట్యాంకు కన్నా ఇదే నయం.

ఎంసీల్ గట్టిపడ్డాక అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ప్లాస్టిక్ వేడిచేసేటప్పుడు కిటికీ తెరవండి. సైనిక స్థావరాల దగ్గర ఫోటోలు తీయడానికి మాత్రం పోవద్దు, అది చట్టవిరుద్ధం. జనవరి 26న ఢిల్లీ పరేడ్‌ను దూరదర్శన్ చూపిస్తుంది. ఈసారి చూస్తున్నప్పుడు ఫోను పక్కన పెట్టి పెన్సిలు పట్టుకోండి. పార ఏ పక్కన కట్టారో, లాగే తాడు ఎన్ని చుట్లు చుట్టారో, మూత మీద పిళ్లు ఎన్నున్నాయో గీసుకోండి. ఒక్క బండి మీదే చూపు పెట్టుకోండి, రెండోది వచ్చే ఏడాది.