గిజిగాడా? సుగరణా?



ప్రకృతి వింతలు అనగానే హిమగిరులూ మహారణ్యాలూ స్ఫురించడం సహజం. అయితే షోలాపూర్ పొలిమేర దాటి, జొన్నచేల నడుమ పాతబావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గడ్డిగూడు ఆ వింతలకేమీ తీసిపోదు.

ఆ గూటి పక్షిని తెలుగువారు గిజిగాడు అంటారు. మరాఠీవారు సుగరణ్ అంటారు. సుగరణ్ అంటే ఇంటిపనిలో నేర్పరి అయిన ఇల్లాలు. అక్షరాలు నేర్వని మరాఠీ కవయిత్రి బహిణాబాయి చౌధరి ఈ పక్షిని బిడ్డల కోసం గూడు కట్టిన తల్లిగా కీర్తించారు. తెలుగున గుర్రం జాషువా దీనిని 'గిజిగాడు' అన్న పేరుతోనే కవితావస్తువు చేశారు. ఒక పేరు స్త్రీని, మరొకటి పురుషుని సూచిస్తున్నాయి. ఇంట తెలుగూ వీధిలో మరాఠీ పలికే ఈ ఊరి బిడ్డకు ఇక్కడే ఒక ప్రశ్న పుట్టాలి: ఇంతకూ ఆ గూడు అల్లేది ఎవరు?

దీనికి జవాబు చెట్టు క్రిందనే దొరుకుతుంది. వానలు మొదలయ్యాక మగపక్షి తల బంగారువన్నె దాలుస్తుంది. అది ఆకు అంచును ముక్కుతో గంటుపెట్టి, పట్టుకొని ఎగిరి, సన్నని పోగుగా చీల్చుకొస్తుంది. కొమ్మకు ముడివేసి, వందలసార్లు తిరిగి, పోగులో పోగు దూర్చి అల్లుతుంది. గూడు సగమయ్యేసరికి ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం; అటుపై మగపక్షి క్రిందికి దిగే గొట్టం వంటి ద్వారాన్ని పూర్తిచేస్తుంది. నచ్చకుంటే ఆ శ్రమంతా వృథా. అల్లిక మగవానిది, తీర్పు ఆడదానిది. గుడ్లను పొదిగేదీ ఆమెయే. కనుక రెండు భాషలూ చెరిసగం సత్యం చెప్పాయి!

పక్షిశాస్త్రజ్ఞుడు సాలీం అలీ 1930లో, ఉద్యోగం లేని రోజుల్లో, ఈ మహారాష్ట్రలోనే అలీబాగ్ చేరువన కిహిమ్ గ్రామంలో గిజిగాళ్ళను ఓపికగా గమనించారు. ఒకే మగపక్షి ఒక గూడు తరువాత మరొకటి కట్టి, ఒక్కొక్క గూటికి ఒక్కొక్క ఆడపక్షిని రప్పించుకొంటుందని వెల్లడించారు. ఇందుకు ఆయనకు ప్రయోగశాల అవసరం కాలేదు. ఓపిక, వ్రాతపుస్తకం చాలాయి.

ఇప్పుడు పాతబావులు పూడుతున్నాయి, తుమ్మచెట్లు కూలుతున్నాయి. గూళ్ళను కోసి ఇంటి అలంకారానికి వేలాడదీసేవారూ ఉన్నారు. వానాకాలంలో తెంచిన గూటిలో గుడ్లో, కళ్ళు తెరవని కూనలో ఉండవచ్చు. ధాన్యం తినే గిజిగాడు తన పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగులను మేపుతుందని తెలిస్తే, దానిని చేనుకు కేవలం శత్రువని ఎవరూ అనలేరు.

తల్లిదండ్రులు వానాకాలంలో ఒక్క ఆదివారం ఉదయం బిడ్డలకు కేటాయిస్తే చాలు. గూళ్ళు చెట్టుకు ఏ దిక్కున ఉన్నాయో, వానగాలి ఏ దిక్కునుంచి వీస్తుందో బిడ్డలే చూసి వ్రాసుకోవాలి. కారణం పెద్దలు తొందరపడి చెప్పరాదు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన కుటుంబాలు ఈ ఊరిలో ఎన్నో. పడుగూ పేకా ఎరిగిన తాత మనుమని చేయి పట్టుకొని ఆ గూటి క్రింద నిలిస్తే, మగ్గం లేని ఆ నేతను గురించి చెప్పడానికి ఆయన వద్ద ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని మాటలుంటాయి. ఆ మాటలు తెలుగు మాటలు. వాటిని వినే బిడ్డ ఉండాలి.