బోర్డు ఉన్నా అడిగే ఎక్కుతారు

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒక టచ్ స్క్రీన్ పెట్టాలనుకుందాం. ఊరి పేరు నొక్కితే బస్సు వేళ, ప్లాట్‌ఫాం నంబరు చెప్పాలి. దాన్ని తయారుచేసేవారు ముందుగా ఆ కాంప్లెక్స్ బల్ల మీద ఒక పూట కూర్చోవాలి.

బస్సుకు బోర్డు ఉంటుంది. అయినా సంచీ చంకన పెట్టుకున్న అవ్వ దాని వంక చూడదు. "బాబూ, పాలకొండ ఎల్తాదా?" అని కండక్టర్ని అడుగుతుంది. చదువుకున్న కుర్రాడూ బోర్డు చూసి, మళ్లీ అడిగే ఎక్కుతాడు. అంటే ఆ తెరకు మాట రావాలి, మన యాస కూడా అర్థం కావాలి. రెండు చేతులా సామాను ఉన్న మనిషి దాన్ని దేంతో నొక్కుతాడు?

ఇలా కూర్చుని జనాన్ని గమనించడం కొత్తేమీ కాదు. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన బహిరంగ స్థలాలను కెమెరాతో చిత్రించి, 1980లో పుస్తకం వేశాడు. కూర్చునే వీలున్న చోటే జనం కూర్చుంటారన్నాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ, కట్టేవాళ్లు మరిచిపోయేది సరిగ్గా అదే. మాటల్లో పడ్డవాళ్లు పక్కకు తప్పుకోరని, నడిచే దారిలోనే నిలబడతారని కూడా గమనించాడు. నమ్మకపోతే సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గరికి వెళ్లి చూడండి.

అయితే దసరా తర్వాతి మంగళవారం, అక్కడి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి రద్దీలో చూసింది మామూలు రోజులకు పనికిరాదు. వేళలు మార్చి చూడాలి. ఎవరి ముఖాలూ ఫోటో తీయనక్కర్లేదు, చిన్న నోటుబుక్కు చాలు. ఆ తర్వాత అట్టముక్క మీద తెర బొమ్మ గీసి ప్లాట్‌ఫాం దగ్గర నిలబెట్టి, ఎవరు ఆగుతారో, ఎవరు దాటిపోతారో రాసుకోండి.