గర్భసంచి జారిందని ఊరుకోవద్దు, ముందు పరీక్ష అడగండి

(ఆళ్లగడ్డలో గూడేల యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



అటవీ హక్కుల పట్టాల గురించి మనం గొంతు చించుకుని మాట్లాడతాం. మన అమ్మల గర్భసంచి గురించి మాత్రం నోరు విప్పం. సిగ్గు. ఆ సిగ్గే వాళ్ల ప్రాణం మీదికి తెస్తోంది. అందుకే ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం. మగపిల్లలు కూడా తల వంచుకోకుండా వినాల.

చిన్న వయసులో పెళ్లి, వరసగా కాన్పులు, కాన్పయిన కొద్ది రోజులకే కట్టెల మోపు, నీళ్ల బిందె. అట్లా బరువులు మోసీ మోసీ లోపలి కండరాలు వదులైపోతాయి, గర్భసంచి కిందికి దిగుతుంది. కొందరికి మూతి బయటికే వచ్చేస్తుంది. నడిచేటప్పుడు బట్టకు ఒరుసుకుని పుండు పడుతుంది, రక్తం కనపడుతుంది. జేజిని అడిగితే "జారిన సంచి కదబ్బా, రాసుకుపోయింది" అంటుంది. అట్లనే ఏండ్లు గడుపుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌లో కూడా కనపడేది ఇవే: రక్తం, వాసనతో తెల్లబట్ట, మానని పుండు. ఒక జబ్బు ఇంకో జబ్బును దాచిపెడుతుంది. సంచి జారడం వల్ల క్యాన్సర్ రాదు. హెచ్‌పీవీ అనే వైరస్ ఏండ్ల తరబడి లోపల ఉండిపోతే వస్తుంది. ఆ వైరస్ కాపురం చేసే ఎవరికైనా సోకేదే, చాలామందికి దానంతటదే పోతుంది. కాబట్టి ఏ ఆడమనిషి నడత మీదా మాట వేయొద్దు. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు.

రెండు జబ్బులూ ఒకే మనిషికి రావడం అరుదు. వచ్చినప్పుడు మాత్రం వైద్యం చిక్కుగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు మాటలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది. సంచి జారిందని చెప్పగానే "తీసేద్దాం" అంటే వెంటనే తల ఊపొద్దు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో అందరికంటే మన రాష్ట్రంలోనే ఎక్కువ, 8.9. మూతికి పరీక్ష చేయకుండా మామూలు ఆపరేషన్ చేస్తే, లోపల క్యాన్సర్ ఉన్నప్పుడు దాన్ని సగం కోసి సగం వదిలేసినట్టు అవుతుంది. తర్వాతి వైద్యం ఇంకా కష్టమవుతుంది. పుండు ఉంటే, సంచిని లోపలికి నెట్టి మందు పెట్టినా అది మానకపోతే, ముక్క తీసి పరీక్షకు పంపాల. చూడగానే అనుమానం ఉంటే ఆ ఆగేది కూడా లేదు.

రెండోది. క్యాన్సర్ చిన్నగా, మూతికే పరిమితమై ఉంటే ఆపరేషన్ చేయొచ్చు. అయితే అది క్యాన్సర్ డాక్టరు చేసే పెద్ద ఆపరేషన్. ముదిరితే రేడియేషన్. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు. సుమారు ఐదు వారాలు బయటి నుంచి పెడతారు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు, చివర్లో లోపలి నుంచి పెడతారు. అంతా ఎనిమిది వారాల్లో ముగియాల. మధ్యలో మానేస్తే జబ్బు మళ్లీ లేస్తుంది.

సంచి జారినామెకు ఇక్కడే ఇబ్బంది. కరెంటు పెట్టే చోటు మిల్లీమీటర్ల లెక్కన గుర్తిస్తారు. సంచి ఒక రోజు లోపల, ఒక రోజు బయట ఉంటే గురి తప్పుతుంది. బయటే వేలాడితే తొడల దగ్గర చర్మం కాలిపోతుంది. అందుకే సంచిని లోపలికి నెట్టి, రింగు పెట్టి గానీ గుడ్డ కూరి గానీ నిలబెట్టి, అదే స్థితిలో స్కాన్ తీసి, రోజూ సరిచూసుకుని పెట్టాల. మూత్రపు సంచి కూడా ప్రతి రోజూ ఒకేలా నిండి ఉండాల. బాగా జారిన సంచి మూత్రం దారిని నొక్కి కిడ్నీలను దెబ్బతీస్తుంది. సిస్‌ప్లాటిన్‌కు కిడ్నీలు బాగుండాల. కాబట్టి ముందే కిడ్నీ పరీక్ష అడగండి. ఈ రెండు జబ్బులకు కలిపి ఒకే ఖాయమైన పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. వైద్య పత్రికల్లో ఉన్నవి ఎక్కువగా ఒక్కొక్కరి కేసులే. అందుకే ఆడవాళ్ల డాక్టరు, క్యాన్సర్ సర్జన్, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కూర్చుని నిర్ణయించాల.

మూడోది దారి. ఈ వైద్యానికి గూడెం నుంచి ఆళ్లగడ్డ, అక్కడి నుంచి నంద్యాల, ఆపైన కర్నూలు పెద్దాసుపత్రి దాకా పోవాల. ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే పాత ఆరోగ్యశ్రీలో, క్యాన్సర్ వైద్యం ఉంది. కానీ ఎనిమిది వారాలు ఊరుగాని ఊరిలో ఉండేది ఎవరు? తోడు ఎవరు? ఇంట్లో పిల్లలకు గంజి కాసేది ఎవరు? చాలామంది మధ్యలో తిరిగొచ్చేది మందు పనిచేయక కాదు, ఈ లెక్క తెగక.

ఇంకో మాట. ఆసుపత్రి అంటే మనవాళ్లకు భయం ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో, పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టులో, హాస్టల్ పిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రులను అడగకుండా చాలాచోట్ల వార్డెన్ల సంతకాలతో పని కానిచ్చారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని నేను చెప్పడంలేదు. అది ఈ క్యాన్సర్‌ను ఆపుతుంది. మన మనుషులను అడగకుండా చేయడమే తప్పు. ఏ పరీక్షయినా, ఏ ఆపరేషనయినా మన భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే చేయాల. అది దయ కాదు, హక్కు.

ఇక మన పని. 30 దాటిన ప్రతి అక్కకూ మూతి పరీక్ష చేయించమని ఆశా అక్కను, ఏఎన్ఎంను అడుగుదాం. ముట్టు ఆగిపోయిన వాళ్లకు కంటితో చూసే పరీక్ష అంత నమ్మకంగా ఉండదు, హెచ్‌పీవీ పరీక్ష కావాలని పట్టుబడదాం. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద గూడేలకు రావాల్సిన సంచార వైద్య బండిలో ఆడడాక్టరు ఉండాలని ఐటీడీఏకు అర్జీ పెడదాం. కరెంటు పెట్టించుకునే వాళ్లకు కర్నూలులో బస, తోడుమనిషికి తిండి, పోయిన కూలి అడుగుదాం.

చదువుకున్న పిల్లలు ఒక్కొక్కరు ఒక్క ఇంటికి తోడుండండి. పత్రాలు చదివి వినిపించండి. "ముక్క పరీక్ష రిపోర్టు ఏది సార్?" అని అడిగే గొంతు మీదే కావాల.

జై ఆదివాసీ.