మారుమనస్సు ఎవరిని అడగాలి?

(మహబూబ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)



హెబ్రీ ప్రవక్తల గురించి, వారు కోరిన మారుమనస్సు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ నేల మీద మారుమనస్సు ప్రసంగాలు కొత్త కాదు. 1885లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ వచ్చేనాటికి ఈ ఊరు ఇంకా పాలమూరే, మహబూబ్‌నగర్ అన్న పేరు రాలేదు. 1890లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1937లో పాలమూరు, గద్వాల బాప్టిస్టుల నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ చేతికి వచ్చాయి. మిషన్లు మారినా ఒక ప్రశ్న మాత్రం మారలేదు. 'వీళ్లది నిజమైన మారుమనస్సేనా?' అన్నదే ఆ ప్రశ్న. దాన్ని ఎవరిని అడిగారన్నదే నేను ఇవాళ మాట్లాడదలచిన సంగతి.

ఒంగోలు చరిత్ర చూడండి. 1876-78 ధాతు కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి దొరికేట్టు చేశాడు. కానీ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వస్తున్నారని రేపు లోకం అంటుందన్న భయం ఆయనది. కరువు తీరి, సాయం ఆగిపోయాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయితే అంత గట్టి పరీక్ష ఆ కాలంలో మరెవరికైనా పెట్టారా? కరువులో ధాన్యం దాచి రెట్టింపు ధరకు అమ్మినవాడి భక్తి నిజమా కాదా అని ఎవరైనా తేల్చుకొన్నారా?

అదే ప్రశ్నను మన ప్రాంతం మనిషే ఒకాయన మరో వైపు నుంచి పట్టుకొన్నాడు. పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టాడు, మిషనరీ బిడ్డ. తరువాత మానవశాస్త్రం చదివి, మన జిల్లా ఊరి బతుకు మీద 'కొండూరు' అనే పుస్తకాన్ని 1971లో ప్రచురించాడు. 1970ల చివర్లో రాసిన ఒక వ్యాసంలో ఆయన పాపయ్య అనే రైతును మన ముందు నిలబెట్టాడు. పొద్దంతా చేనులో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన పాపయ్య, చదువు రాని పాపయ్య, సువార్త ఒక్కసారి విన్నాడు. అతను క్రైస్తవుడు కాగలడా? ఎంత తెలిసింది, ఏ ఆచారం వదిలాడు అన్న గీతలు గీసి లోపల, బయట అని తేల్చవద్దంటాడు హీబర్ట్. మనిషి ఎటు తిరిగాడు, ఎటు నడుస్తున్నాడు అన్నది చూడమంటాడు. పాలమూరు పల్లెల్లో తిరిగినవాడికే ఈ మాట తోస్తుంది. పాపయ్యకు అది న్యాయం చేసింది. అయినా అక్కడ కూడా పరీక్షకు నిలబడ్డవాడు పాపయ్యే.

ప్రవక్తలు ఆ ప్రశ్నను పైనున్నవాళ్లను అడిగారు. రాజును అడిగారు, యాజకుణ్ణి అడిగారు, గిడ్డంగి ఉన్నవాణ్ణి అడిగారు.

ఆమోసును తీసుకోండి. తెకోవ అనే మెట్ట ఊరి పసుల కాపరి, మేడిపండ్ల చెట్ల మీద బతికేవాడు. గొర్ల మందలు తోలుకొని కాలినడకన వలస పోయే కురుమలను, గొల్లలను ఎరిగిన మనకు ఆమోసు పరాయివాడు కాడు. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో, రెండో యరొబాము ఏలుబడిలో దేశం కళకళలాడుతుండగా అతను బేతేలు గుడి దగ్గర నిలబడ్డాడు. బీదవాడి దగ్గర తాకట్టు పట్టిన బట్టలు పరుచుకొని మీరు బలిపీఠాల పక్కన పడుకొంటున్నారన్నాడు. జత చెప్పుల కోసం మనిషిని అమ్ముతున్నారన్నాడు. యాజకుడైన అమజ్యా అతణ్ణి మీ దేశం పోయి బతకమన్నాడు. ఆమోసు మాటలు అబద్ధమని మాత్రం అనలేదు; ఇది రాజుగారి గుడి అన్నాడు, అంతే.

నిజాం కాలపు తెలంగాణలో భగేలా ఎట్లా ఉండేదో మన పెద్దలకు తెలుసు. పెండ్లికో చావుకో తెచ్చిన కొద్దిపాటి అప్పుకు తండ్రి దొర దగ్గర జీతగాడు, తండ్రి తరువాత కొడుకు జీతగాడు. భగేలా పత్రాలను అదుపు చేస్తూ అప్పుడే చట్టం చేశారు. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మరి మనిషి విడుదలయ్యాడా? పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఎట్లా పాకిందో ఆలోచించండి. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకొని, ముసలివాళ్లను ఇంటికాడ వదిలి, ఆలుమగలు ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు వలసపోయారు. ఆ అడ్వాన్సు తీరేదాకా వాళ్ల రోజులు వాళ్లవి కావు. ఎందరి పొలాలకో నీళ్లు పారించిన చేతులవి, వాళ్ల సొంత చేను మాత్రం వానకే ఎదురుచూసింది.

ఇక్కడే యిర్మీయా గ్రంథం ముప్పై నాలుగో అధ్యాయం చదవాలి. మన కూటాల్లో దాని మీద ప్రసంగం అరుదు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. లాకీషు, అజేకా తప్ప యూదాలో కోటలు మిగల్లేదు. అప్పుడు సిద్కియా రాజు, ప్రధానులు, ప్రజలు దేవుని మందిరంలో ఒడంబడిక చేసుకొన్నారు. దూడను రెండుగా కోసి, ఆ ఖండాల మధ్య నడిచి, తమ దగ్గర దాసులుగా ఉన్న హెబ్రీయులను విడిచిపెడతామని మాట ఇచ్చారు. విడిచిపెట్టారు కూడా. ఏడో ఏట దాసుణ్ణి వదలాలని ధర్మశాస్త్రం ఎప్పుడో చెప్పింది. తరతరాలుగా ఎవరూ వినలేదు, శత్రువు గోడ దగ్గరికి వచ్చాక విన్నారు. అంతలో ఐగుప్తు సైన్యం బయలుదేరిందని తెలిసి బబులోనువారు ముట్టడి సడలించారు. నగరం ఊపిరి పీల్చుకొంది. వెంటనే యజమానులు వదిలిన దాసదాసీలను వెతికి పట్టుకొచ్చి మళ్లీ చాకిరీలో పెట్టారు.

ఆ రెండు మూడు వచనాలను మెల్లగా చదవండి. ఒడంబడిక నాడు వాళ్ల మనసు దొంగదని అనుకోను. భయం నిజమైనదే, మొక్కు నిజమైనదే, బహుశా కన్నీళ్లూ నిజమైనవే. ప్రమాదం తప్పాక వాళ్లు ఏం చేశారన్నదే యిర్మీయా అడిగింది. వాళ్లకు అతను చెప్పిన తీర్పు భయంకరమైనది. మీరు మీ సోదరులకు విడుదల ఇవ్వలేదు కాబట్టి దేవుడు మిమ్మల్నే విడిచిపెడుతున్నాడు, ఖడ్గానికి, తెగులుకు, కరువుకు అన్నాడు. క్రీ.పూ. 586లో ఆ నగరం తగలబడింది.

ఇశ్రాయేలు రాజు అహాబు కథలోనూ ఈ వెలితే ఉంది. నాబోతు అనేవాడి ద్రాక్షతోట కోసం రాణి యెజెబెలు ఉత్తరాలకు రాజముద్ర వేయించింది, సాక్షులను నిలబెట్టింది, పెద్దల సమక్షంలో విచారణ జరిపించింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నాబోతు మాత్రం లేడు. ప్రవక్త ఏలీయా గద్దించగానే అహాబు గోనెపట్ట కట్టి ఉపవాసం ఉన్నాడు. ఆ మాత్రం తగ్గినందుకే దేవుడు అతని కాలంలో కీడు రానివ్వనన్నాడు, దేవుని కనికరం అంత పెద్దది. అయితే తోట నాబోతు ఇంటివారికి తిరిగి వెళ్లిందని గ్రంథంలో ఎక్కడా లేదు. తీర్పు వాయిదా పడింది, కొట్టివేయబడలేదు.

ఇక ప్రవచనం గురించి. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఆనందమైన ఆచారం, దాన్ని కాదనను. కానీ ప్రవచనం అంటే ఉద్యోగం, వీసా, పెండ్లి సంబంధం ముందుగా చెప్పడమని మన పిల్లలు అనుకొంటున్నారంటే అది మన బోధ లోపం. యోనా నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందన్నాడు, కాలేదు. రాజు సింహాసనం దిగాడు, ఊరు తన చేతుల్లోని బలాత్కారాన్ని వదిలింది, దేవుడు కీడు మానుకొన్నాడు. జోస్యం తప్పింది, ప్రవచనం నెరవేరింది. హెచ్చరించిన మాట జరగకుండా పోవాలనే ప్రవక్త మాట్లాడతాడు. హనన్యా అనే ప్రవక్త మాత్రం రెండేళ్లలో అంతా బాగైపోతుందని జనం కోరుకొన్నది చెప్పి, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకొన్న కాడిని విరగ్గొట్టాడు. కాడి విరగకముందు, ఆ మాట విని యిర్మీయా ఆమేన్ అన్నాడు, అట్లాగే జరగాలని కోరాడు. తన జనం కోసం ఏడ్చిన మనిషి అతను. అయినా బబులోను కింద డెబ్బై ఏళ్లు ఉండాలన్న మాట దాచలేదు. ఎవరి తప్పూ ఎత్తిచూపని, ఎవరి నుంచీ ఏమీ తిరిగి ఇప్పించని ప్రవచనాన్ని అనుమానించండి.

మరి నిజమైన మారుమనస్సుకు గుర్తు ఏమిటి? యెహెజ్కేలు ముప్పై మూడో అధ్యాయంలో దాన్ని పద్దులాగా రాసిపెట్టాడు. దుర్మార్గుడు కుదువ సొమ్ము తిరిగి ఇచ్చేస్తే, దోచుకొన్నది మళ్లీ అప్పగిస్తే, తరువాత అన్యాయం చేయక నడిస్తే అతను బతుకుతాడన్నాడు. కన్నీళ్ల లెక్క అక్కడ లేదు. హీబర్ట్ చెప్పిన 'ఎటు తిరిగాడు' అన్నదానికి నేను చేర్చేది ఇంతే: దేవుని వైపు తిరిగినవాడి దారి తాను నష్టపెట్టినవాడి గడప మీదుగా పోతుంది.

సంఘ పెద్దలారా, మన కుటుంబాల్లో చాలావరకు ఒకప్పుడు పాపయ్య కుటుంబాలే. ఇవాళ మనలో ఉద్యోగస్థులున్నారు, గుత్తేదారులున్నారు, వడ్డీకి ఇచ్చేవాళ్లున్నారు, మేస్త్రీలూ ఉన్నారు. ఉపవాస దినాన కూడా పనివాళ్లను పీడిస్తున్నారని యెషయా యాభై ఎనిమిదో అధ్యాయంలో గద్దించింది ఇప్పుడు మనల్నే. ఈ ఏడాది ఉపవాస కూటాల కరపత్రం అచ్చుకు ఇచ్చే ముందు ఒక పని చేయండి. పెద్దలంతా కూర్చొని ఎవరి కూలి బాకీ ఉన్నామో, ఎవరి పట్టాదారు పాసుపుస్తకం, ఎవరి పుస్తెలు మన బీరువాలో ఉన్నాయో, ఎవరి బిడ్డ బడి మానేసి మన ఇంట్లో పని చేస్తున్నదో చూడండి. కూలి కట్టండి, కుదువ తిరిగి ఇవ్వండి, బిడ్డను బడికి పంపండి. ఆ తరువాత కూటాలకు తేదీలు వేయండి.