పెట్రోలు మంచిచెడ్డలు - బండి మన్నిక

పట్టణములో మోటారు సైకిలు నడివీధిలో ఆగిపోయినచో, త్రోసికొనుచు రెండు సందులు దాటినంతలో మెకానికు దొరకును. నర్సీపట్నము విడిచి, కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు చేరి, అక్కడినుండి కొండదారి పట్టినవారికి ఆ సదుపాయము లేదు. చీకటిపడిన తరువాత, వాన కురియుచుండగా, నొప్పులు పడుచున్న తల్లినో జ్వరముతో ఉన్న పసిబిడ్డనో ఎక్కించుకొని వచ్చు ఆటో ఎత్తుమీద ఆగిపోయినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. బండిదారి లేని గూడెముల నుండి నేటికిని రోగులను డోలీ కట్టి రోడ్డువరకు మోసికొని వచ్చుచున్నారు. అంత శ్రమపడి రోడ్డు చేర్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చవలసినది బండియే. బండిని బాగుగా ఉంచుకొనుట ఈ ప్రాంతమున ముచ్చటకొరకు చేయు పని కాదు.

ఈ కొండదారులకు పాత కథ ఒకటి కలదు. తెల్లదొరల కాలమున మన్యపు దారులు వేయుటకు గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టివలె పనిచేయించిరి. ఆ కడుపుమంట 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటునకు గల కారణములలో ఒకటి. 1924 మే 7వ తేదీన ఆయనను కాల్చిచంపినది ఈ కొయ్యూరు ప్రాంతముననే. నేడు అదే పేరుగల జిల్లాలో ఉన్న కొయ్యూరు మీదుగా, రాజమహేంద్రవరమును పాడేరు, అరకులతో కలుపు 516-ఇ జాతీయ రహదారి పోవుచున్నది. సంతకు జీడిగింజలు, పసుపు, చింతపండు తెచ్చు ఆటోలు, జీపులు, లెక్కకు మించిన మోటారు సైకిళ్లు ఆ దారులమీదనే తిరుగుచున్నవి.

ఇక పెట్రోలు సంగతి. మంచి పెట్రోలనగా ఖరీదైన పెట్రోలని మనలో చాలామంది తలంపు. పండుగనాడు బండికి 'పవరు' పెట్రోలు పోయించి, అది బండికి చేసిన సేవ అనుకొనువారు కలరు. ఆ డబ్బుతో ఇంజను నూనె మార్పించినచో బండి ఎక్కువ సంతోషించును! ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును పిస్టను నొక్కును. నొక్కుడు ముగియబోవు వేళకు ప్లగ్గు రవ్వ విసరి దానిని మండించును. రవ్వనుండి బయలుదేరిన మంట క్రమముగా ప్రాకకముందే, నొక్కుడువలన పుట్టిన వేడికి మిశ్రమములో కొంతభాగము తనంతట తానే భగ్గుమనినచో పిస్టనుపై సమ్మెటపోటు పడినట్లగును. ఎత్తు ఎక్కునపుడు ఇంజనులో టకటకమని వినబడు చప్పుడు అదియే. ఆ దెబ్బకు ఓర్చుకొను గుణమును తెలుపు అంకెనే ఆక్టేను సంఖ్య అందురు. మన దేశమున సాధారణ పెట్రోలుకు ఇది 91కి తగ్గరాదని ప్రమాణము ఉండెడిది. 95, 100 ఆక్టేనుల రకములు కూడ అమ్ముచున్నారు. ఎక్కువ నొక్కుడు గల ఇంజనుకు ఎక్కువ ఆక్టేను కావలెను. సాధారణ ఇంజనుకు దానివలన ఒరుగునది స్వల్పము. బండితో ఇచ్చిన పుస్తకములో ఏ సంఖ్య వ్రాసియున్నదో అదియే ఆ బండికి మంచి పెట్రోలు. ఆపైన కావలసినవి రెండే: అది శుభ్రముగా ఉండవలెను, మరియొకటి కలియకుండ ఉండవలెను.

ఈ రెండును తప్పు చోటు సామాన్యముగా బంకునకును మన ట్యాంకునకును నడుమ ఉన్నది. బంకునకు దూరమైన ఊళ్లలో పెట్రోలు సీసాలలో వచ్చును. కిరాణా దుకాణము ముందు, కిళ్లీ బడ్డీ ప్రక్కన, శీతలపానీయపు ప్లాస్టిక్ సీసాలలో వరుసగా నిలిపి అమ్ముదురు. అనుమతి పత్రము లేక ఇట్లు అమ్ముట చట్టసమ్మతము కాదు. అయినను, బంకు ఎంతో దూరమున ఉన్న మనిషికి చట్టము చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఆ సీసాలో ఏమి జరుగునో చెప్పవలెను. పెట్రోలు ఒకే పదార్థము కాదు. వేడి తగిలిన వెంటనే ఆవిరియగు తేలిక భాగములు మొదలు, రెండువందల డిగ్రీలదాక వేడిచేసినగాని ఆవిరికాని బరువు భాగములవరకు పలువిధములైన ద్రవములు అందు కలిసియుండును. తెల్లవారుజామున చలిలో బండి వెంటనే అందుకొనునది ఆ తేలిక భాగముల వలననే. మూత బిగుతుగాలేని సీసా ఎండలో నిలిచినచో ముందుగా పోవునది అవియే. మిగిలినది చూచుటకు పెట్రోలే, కొలతకు దాదాపు అంతయే, కాని శీతకాలమున సున్న డిగ్రీల దాపునకు దిగు లంబసింగిలో ఆ పెట్రోలుతో ఉదయము బండి కదలించుట కష్టము. దీనికి తోడు గరాటుకు అంటిన దుమ్ము, సీసాను కడిగి ఆరబెట్టక మిగిల్చిన నీరు కూడ ట్యాంకులోనికే పోవును.

కల్తీ విషయమున కిరోసిను పేరు ముందు వచ్చును. దాని ఆక్టేను చాల తక్కువ; అది పూర్తిగా మండదు. మండక మిగిలినది సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసి అడుగునకు జారి ఇంజను నూనెను పలుచన చేయును. ప్లగ్గుకు, కవాటములకు మసి పట్టును. చౌకగా దొరికినదని పోసిన ఆ లీటరు రింగుల అరుగుదల రూపమున తన ధర వసూలు చేసికొనును. పిండికొద్దీ రొట్టె అన్నారు పెద్దలు.

పరీక్షించుకొనుటకు కొనుగోలుదారునికి కొన్ని హక్కులు కలవు. వానిని అడుగుటకు మనవారు మొగమాటపడుదురు. ప్రతి బంకులోను వడపోత కాగితము ఉంచవలెను. పంపు మూతిని తుడిచి, ఆ కాగితముపై ఒక్క చుక్క వేయించినచో, స్వచ్ఛమైన పెట్రోలు రెండు నిమిషములలో ఆరిపోయి మరక మిగల్చదు. మరక మిగిలినచో అనుమానింపవలెను. ఇది తుదితీర్పు కాదు. తేలికగా ఆవిరియగు కల్తీ పదార్థములు ఈ పరీక్షకు దొరకవు. అందుకే రెండవది సాంద్రత. 15 డిగ్రీల వేడిమి వద్ద ఘనమీటరు పెట్రోలు బరువు 720 నుండి 775 కిలోగ్రాముల నడుమ ఉండవలెనని ప్రమాణము. ట్యాంకరు దిగినపుడు వచ్చిన సాంద్రతకును బంకులో చూపిన సాంద్రతకును మూడు కిలోగ్రాములకు మించి తేడా ఉండరాదు. కొలత మీద అనుమానమున్నవారు ముద్రవేసిన అయిదు లీటర్ల కొలపాత్రలో పోయించి చూపుమని అడుగవచ్చును. ఈ పాత్ర బంకులో ఉండి తీరవలెను. తెల్లవారుజామున పోయించినచో పెట్రోలు ఎక్కువ వచ్చునను నమ్మకము మాత్రము వదలుకొనవచ్చును. వేడికి పెట్రోలు వ్యాకోచించునన్న మాట నిజమే, పది డిగ్రీలకు నూటికి ఒకవంతు కంటె కొంచెము ఎక్కువ. కాని బంకు ట్యాంకులు భూమిలో పాతినవి. పగటి ఎండ వానికి తగలదు.

ఇప్పుడు అందరు అడుగుచున్న ప్రశ్న ఇథనాలు గురించి. చెరకునుండియు ధాన్యమునుండియు తీసిన ఈ సారాయిని పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు కలుపు లక్ష్యమును మన దేశము 2025లో అందుకొన్నది. దీని ఆక్టేను సంఖ్య నూటికి పైబడినందున ఇంజనులో టకటక చప్పుడు తగ్గును; ఆ మేరకు మేలే. కాని మండినపుడు అది ఇచ్చు వేడి పెట్రోలు ఇచ్చుదానిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కనుక మైలేజి కొంత తగ్గును. 2021లో నీతి ఆయోగ్ నివేదిక, ఇథనాలు కలియని పెట్రోలుకై రూపొందించి పదిపాళ్ల మిశ్రమమునకు సరిదిద్దిన కార్లలో ఈ తగ్గుదల నూటికి 6, 7 వంతులు, అట్టి ద్విచక్ర వాహనములలో 3, 4 వంతులు ఉండునని అంచనా వేసినది. 2023 ఏప్రిలు తరువాత తయారైన బండ్ల భాగములు ఈ మిశ్రమమునకు తట్టుకొనునట్లు చేసినవి. పాతబండి ఉన్నవారు గొట్టములను, కార్బురేటరులోని రబ్బరు వాషర్లను అప్పుడప్పుడు చూపించుకొనుట మంచిది. అవి ఉబ్బినను, పెళుసెక్కినను మార్పించవలెను.

మన్యమునకు ఇథనాలు విషయమున ముఖ్యమైనది వేరొకటి ఉన్నది. పెట్రోలు నీటిని దరి చేరనీయదు. ఇథనాలు నీటిని పిలిచి కలుపుకొనును. కొంతవరకు కలుపుకొన్న నీరు మంటతోపాటు పోవును. మితిమీరినచో ఇథనాలు, నీరు రెండును జట్టుకట్టి పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగున చేరును. ఇంజను ముందుగా పీల్చుకొనునది ఆ అడుగుననున్న సరకే. కావున వానాకాలమున బండిని వారములతరబడి సగము ఖాళీ ట్యాంకుతో వదలరాదు. ఖాళీచోటనున్న తేమగాలి రాత్రి చల్లబడి గోడలపై నీరుగా దిగును. నిండా పోసి ఉంచుట మేలు. కొత్త ఇంజెక్షను బండ్లలో దీనికి మరియొక కారణము కలదు: పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఆ పెట్రోలువలననే చల్లబడుచుండును. ఎల్లప్పుడు రిజర్వులో నడుపువారి పంపులు త్వరగా కాలిపోవును.

ఇంటిలో పెట్రోలు నిలువచేయుట గురించి ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. దాని ఆవిరి గాలికంటె బరువు. పైకి పోక నేలవెంట ప్రాకి, గది ఆ కొననున్న పొయ్యిని చేరి, అక్కడ అంటుకొని వెనుకకు వచ్చును. తాటాకింటిలో, గడ్డి ఇంటిలో మంచముక్రింద సీసా పెట్టుకొనుట మిక్కిలి ప్రమాదము. గొట్టము నోటపెట్టి ఒక బండినుండి మరియొక బండికి పెట్రోలు లాగుటయు అంతే. ఒక గుక్క పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. మ్రింగినవానిచేత వాంతి చేయించుట ఇంకను చెరుపు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. చేతితో నొక్కు రబ్బరు పంపు ఒకటి కొనుక్కొనినచో ఈ బాధ ఉండదు.

పెట్రోలు ఎంత మంచిదైనను ఇంజను దానితోపాటు గాలిని కూడ పీల్చును. రహదారి పని జరిగిన చోట్ల లేచు ఎర్రధూళి సిలిండరులో ఆకురాయివలె పనిచేయును. దానిని ఆపునది గాలి వడపోత ఒక్కటే. పుస్తకములో ఇన్నివేల కిలోమీటర్లకు మార్చుమని వ్రాసిన మాట తారురోడ్డు బండికి సరిపోవును. కంకరదారిలో తిరుగు బండికి అందులో సగమునకే చూడవలెను. ఇంజను నూనె విషయమున ఒక పొదుపు పెద్ద నష్టము తెచ్చుచున్నది. కారుకు తెచ్చిన నూనె మిగిలినదని మోటారు సైకిలులో పోయుదురు. మోటారు సైకిళ్లలో చాలవానికి క్లచ్చి ఆ నూనెలోనే తిరుగును. కారునూనెలో రాపిడి తగ్గించుటకు కలిపిన మందులు క్లచ్చి పలకలను జారునట్లు చేయును. ఎత్తు ఎక్కునపుడు ఇంజను అరచునేగాని బండి కదలదు.

బండి ఆరోగ్యము తెలిసికొనుటకు వైద్యుడు నాలుక చూచినట్లు ప్లగ్గు చూడవచ్చును. దాని కొన లేత గోధుమరంగున ఉన్నచో అన్నియు సక్రమము. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది, లేదా గాలి వడపోత మూసికొనిపోయినది. తడిగా నూనె అంటినచో రింగులు అరిగినవి. సున్నమువలె తెల్లబారినచో ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. ఇది చూచుటకు ఒక ప్లగ్గు స్పానరు చాలును. నెలకొకసారి చూచువానిని ఏ మెకానికును మోసగింపలేడు.

చివరగా దిగుడుదారి. లంబసింగి ఘాటీ దిగునపుడు పెట్రోలు ఆదా అగునని ఇంజను ఆపి, గేరు తీసి జారవిడుచువారు కలరు. కారులోను జీపులోను ఇంజను ఆగినచో బ్రేకుకు దొరకు అదనపు బలము పోవును. ఏ బండికైనను గేరులో ఉన్న ఇంజనే మొదటి బ్రేకు. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు అనుట అందుకే. మిగిలిన భారమంతయు బ్రేకులపై పడినచో అవి ఎఱ్ఱగా కాలి పట్టు వదలును. ఇంజెక్షను బండ్లలో గేరులో దిగుచున్నపుడు పెట్రోలు దానంతట అదే ఆగిపోవును గనుక ఆ ఆదా కూడ లేదు. బ్రేకు ద్రవము కూడ ఇథనాలువలె నీటిని పీల్చును. డాట్-4 రకపు క్రొత్త ద్రవము 230 డిగ్రీలకు గాని మరుగదు. నీరు పట్టిన పాతదానికి ప్రమాణము 155 మాత్రమే. ఘాటీలో బ్రేకులు కాగినపుడు అది మరిగి బుడగలు కట్టును. అప్పుడు పెడలు నొక్కినను కాలు నేలను తాకునేగాని చక్రము ఆగదు. రెండు సంవత్సరములకొకసారి ఆ ద్రవము మార్పించుటకు అగు ఖర్చు ట్యాంకు నిండా పోయించు పెట్రోలుకంటె తక్కువ. వానలు మొదలగుటకు ముందే, జ్యేష్ఠమాసములో, ఆ పని చేయించినచో ఏడాదిలో అన్నిటికంటె చెడ్డకాలమునకు బ్రేకులు సిద్ధముగా ఉండును.